వారానికి 480 పౌండ్లు: అందులో మీవి ఎన్ని?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్నాం. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చి మూడేళ్లయింది. అమ్మాయి ఉద్యోగానికి మాంచెస్టర్ వెళ్లాక ఆ గదిని లాడ్జర్‌కి ఇచ్చాం, నెలకు 650 పౌండ్లు వస్తున్నాయి. నేను సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైమ్ చేస్తాను, జీతం ఏడాదికి 15,000. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) సంరక్షణలో ఉన్న పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంటే (ఫోస్టరింగ్) వారానికి 480 పౌండ్లు ఇస్తారని ఒక ఏజెన్సీవాళ్లు చెప్పారు. ఉద్యోగం మానేసి, లాడ్జర్‌ని పంపించేసి ఇందులోకి దిగుదామనుకుంటున్నాను. మార్ట్‌గేజ్ ఇంకా పదకొండేళ్లు ఉంది. పన్ను ఎంత పడుతుంది? నా పెన్షన్ సంగతేమిటి? గుంటూరు నుంచి మా అత్తగారు "అనాథ పిల్లల్ని పెంచితే డబ్బులు కూడా ఇస్తారా అక్కడ?" అని ఆశ్చర్యపోతున్నారు.

జవాబు: ముందు మీ అత్తగారి ప్రశ్నకే జవాబు చెబుతాను. లెక్క అక్కడే మొదలవుతుంది.

వీళ్లలో ఎక్కువమంది అనాథలు కారండీ. అమ్మానాన్నలు ఉంటారు. ఇంట్లో కొట్టడమో, తిండి పట్టించుకోకపోవడమో, తల్లి ఆస్పత్రిపాలు కావడమో జరిగితే కౌన్సిల్ ఆ బిడ్డను తన సంరక్షణలోకి తీసుకుంటుంది. 2024 మార్చి 31 నాటికి ఒక్క ఇంగ్లండ్‌లోనే ఇలాంటి పిల్లలు 83,630 మంది. వాళ్లలో నూటికి 67 మంది ఫోస్టర్ కుటుంబాల్లో ఉన్నారు. మిగతావాళ్లు చిల్డ్రన్స్ హోముల్లో, పదహారు దాటితే సిబ్బంది ఉండే అద్దె వసతుల్లో, కొందరైతే కౌన్సిల్ కనుసన్నల్లో సొంత తల్లిదండ్రుల దగ్గరే ఉంటారు. వీలైనంతవరకు బిడ్డను సొంత ఊరికి దగ్గరలో, బడి మారకుండా, అన్నదమ్ముల్ని అక్కచెల్లెళ్లను విడదీయకుండా ఉంచాలని 1989 నాటి పిల్లల చట్టం చెబుతోంది. కానీ కుటుంబాలు చాలక ఎక్కడెక్కడో దూరంగా హోముల్లో పెడుతున్నారు. హోములో ఒక బిడ్డకు కౌన్సిల్ పెట్టే ఖర్చు సగటున ఏడాదికి 3 లక్షల పౌండ్ల పైమాటే. మీకు ఏజెన్సీ ఫోన్లమీద ఫోన్లు ఎందుకు చేస్తోందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఇది దత్తత కాదని కూడా అత్తగారికి చెప్పండి. బిడ్డ వారం ఉండొచ్చు, ఐదేళ్లూ ఉండొచ్చు.

ఆ "వారం ఉండొచ్చు" అన్నదే మీ మార్ట్‌గేజ్‌కి ప్రమాదం.

480ని ముందు రెండుగా విడగొట్టండి. ఒకటి బిడ్డ ఖర్చులకు ఇచ్చే అలవెన్సు, రెండోది మీ పనికి ఇచ్చే ఫీజు. అలవెన్సుకు ప్రభుత్వం కనీస మొత్తం పెట్టింది. 2025-26లో వయసునుబట్టి, ప్రాంతాన్నిబట్టి వారానికి 170 నుంచి 299 పౌండ్లు. మీకు పన్నెండేళ్ల బిడ్డ వచ్చిందనుకుందాం, 480లో 260 అలవెన్సు అనుకుందాం. ఆ 260 తిండికి, బట్టలకు, పాకెట్ మనీకి, స్కూలు ట్రిప్పులకు, అమ్మానాన్నలను కలిపించడానికి తిప్పే పెట్రోలుకు అయిపోతుంది, అయిపోవాలి కూడా. అది బిడ్డ సొమ్ము. మీకు మిగిలేది 220.

ఇక వారాలు. ఒక బిడ్డ వెళ్లి ఇంకో బిడ్డ వచ్చేదాకా చాలాచోట్ల ఏమీ ఇవ్వరు. నేను ఏడాదికి 40 వారాలకు మించి లెక్కెయ్యను. 220 పౌండ్ల చొప్పున 40 వారాలకు 8,800. ఇప్పుడు మీరు వదులుకునేది చూడండి. 15,000 జీతంలో పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి వాటికోసం జీతంలోంచి కోసుకునేది) పోను చేతికొచ్చేది దాదాపు 14,300. లాడ్జర్ అద్దె ఏడాదికి 7,800, అందులో 7,500 దాకా పన్నే లేదు. రెండూ కలిపి దాదాపు 22,000. అంటే 22,000 వదులుకుని 8,800 తెచ్చుకుంటున్నారు. ఏజెన్సీ చెప్పిన 480ని 52తో గుణించి 24,960 అనుకున్నారు కదూ? నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ముందు అలాగే గుణిస్తారు.

పన్ను దగ్గర మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. ఫోస్టర్ కేరర్లకు ప్రత్యేక మినహాయింపు ఉంది. 2025-26లో ఇంటికి 19,690 పౌండ్లు, దానిమీద ప్రతి బిడ్డకు వారానికి 415 (పదకొండేళ్లు నిండితే 495). మీ లెక్కలో 40 వారాలకు మొత్తం వచ్చేది 19,200. ఏడాదంతా ఫోస్టర్ కేరర్‌గా ఆమోదం ఉంటే మినహాయింపు 19,690 కి 19,800 కలిపి 39,490. పైసా పన్ను లేదు. మధ్యలో ఆమోదం వస్తే ఆ 19,690 దామాషాలో తగ్గుతుంది, అయినా మీకు సరిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి: చట్టం దృష్టిలో మీరు స్వయం ఉపాధిలో ఉన్నట్టే. పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీలో నమోదు చేసుకుని ఏటా రిటర్న్ వెయ్యాలి. పిల్లలున్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే చైల్డ్ బెనిఫిట్ ఆ బిడ్డ పేరున రాదు.

అయితే పన్ను లేకపోవడానికి వెనకాల ఒక మెలిక ఉంది, దీన్ని ఏజెన్సీలు చెప్పవు. కాగితంమీద మీ లాభం సున్నా. సున్నా ఆదాయం ఉన్నవాళ్లు పన్ను రాయితీతో పెన్షన్‌లో వేసుకోగలిగేది ఏడాదికి 2,880 పౌండ్లే (ప్రభుత్వం కలిపితే 3,600 అవుతుంది). ఇప్పుడు సూపర్‌మార్కెట్ కంపెనీ మీ పెన్షన్‌లో వేస్తున్న వాటా కూడా ఆగిపోతుంది. స్టేట్ పెన్షన్ పూర్తిగా రావాలంటే 35 ఏళ్లు నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినట్టు లెక్క ఉండాలి. మనలాగా ముప్ఫై దాటాక వచ్చినవాళ్లకు ఒక్క ఏడాది పోయినా నష్టమే. ఫోస్టర్ కేరర్లకు ఆ ఏడాది కట్టినట్టే లెక్కేసే క్రెడిట్ ఉచితంగా ఇస్తారు, కానీ దానంతటది రాదు, ప్రతి ఏడాదీ దరఖాస్తు పెట్టాలి. రేపు మార్ట్‌గేజ్ వేరే బ్యాంకుకు మార్చుకుందామన్నా ఈ సున్నాయే అడ్డొస్తుంది. ఫోస్టరింగ్ ఆదాయాన్ని కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి, చాలా బ్యాంకులు మొహం తిప్పేస్తాయి. మీ ఫిక్స్‌డ్ వడ్డీ గడువు దగ్గర పడుతుంటే ఆ పని ఉద్యోగం ఉండగానే ముగించండి.

నా దగ్గరికి వచ్చే ఒక దంపతుల ఇంట్లో జరిగింది చెప్పాలి. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి సోషల్ వర్కర్ ఎనిమిదేళ్ల పాపను తీసుకొచ్చింది. పాప సామానంతా ఒక నల్ల చెత్తసంచిలో ఉంది: రెండు జతల బట్టలు, చెవి ఊడిన కుందేలు బొమ్మ. టూత్‌బ్రష్ లేదు. కాళ్లకున్నవి పగిలిపోయిన బూట్లు, సోమవారం బడికి వెళ్లాలి. ఆ రాత్రి పది దాటాక మూసేయబోతున్న షాపుకు పరిగెత్తి నైట్‌డ్రెస్, లోదుస్తులు కొన్నారు. ఆదివారం బూట్లు, కోటు, స్కూలు బ్యాగు. మొత్తం 214 పౌండ్లు. రసీదులన్నీ దాచారు. డబ్బు వచ్చింది, కానీ పదిహేను రోజుల తర్వాత. ఆవిడ ఆ రాత్రి అన్నం, పప్పు పెడితే పాప తినలేదట. టోస్ట్ చేసి ఇస్తే దాచుకుందట, తెల్లారి దిండు కింద దొరికింది. వీళ్లు కూడా మీలాగే ముందు 480 లాంటి అంకెతోనే నా దగ్గరికొచ్చారు.

కాబట్టి నా సలహా ఇది. మీకు చెయ్యాలనుంటే చెయ్యండి, కానీ ఉద్యోగం మానెయ్యకండి. షిఫ్టులు బడివేళల్లోకి మార్చుకోగలరేమో మేనేజర్‌ని అడగండి. బడి వయసు పిల్లలకే ఆమోదం కోరండి. లేదంటే మొదటి ఏడాది వారాంతాల్లో ఇతర ఫోస్టర్ కుటుంబాలకు విశ్రాంతినిచ్చే రెస్పిట్ కేర్‌తో మొదలుపెట్టండి. అప్పుడు వదులుకునేది లాడ్జర్ అద్దె ఒక్కటే. మార్ట్‌గేజ్ కిస్తీ మీ ఇద్దరి జీతాల్లోంచే వెళ్లాలి, ఫోస్టరింగ్ డబ్బు దానిలో కలవకూడదు. దానికి వేరే ఖాతా తెరవండి.

ఏజెన్సీతో సంతకం పెట్టకముందు మీ సొంత కౌన్సిల్‌ని కూడా అడగండి. ఏజెన్సీ వారానికి కొంచెం ఎక్కువివ్వొచ్చు. కానీ పిల్లల్ని పంపేది కౌన్సిల్, చాలా కౌన్సిళ్లు ముందు తమ కేరర్ల ఇళ్లు నింపుకున్నాకే ఏజెన్సీలకు ఫోన్ చేస్తాయి. బిడ్డ లేని వారాల్లో ఏమైనా ఇస్తారా, ఏడాదికి ఎన్ని రోజులు జీతంతో సెలవు, 480లో ఫీజు ఎంత అలవెన్సు ఎంత? ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటి బీమా కంపెనీకి, మార్ట్‌గేజ్ బ్యాంకుకు ముందే చెప్పండి.

లాడ్జర్‌ని మాత్రం ఇప్పుడే పంపించకండి. శిక్షణ, ఇంటికొచ్చి ప్రశ్నలడగడం, డాక్టర్ రిపోర్టు, పోలీసు రికార్డుల తనిఖీ, చివరికి ఆమోదంపై సిఫారసు చేసే ప్యానెల్: ఇదంతా అయ్యేసరికి ఆరు నెలలు పట్టొచ్చు. ఆమోదం రాగానే గది ఖాళీ అవుతుందని సోషల్ వర్కర్‌కి మొదటి రోజే చెప్పి, ప్యానెల్ తేదీ ఖరారయ్యాక లాడ్జర్‌కి నోటీసివ్వండి. ఈలోగా వచ్చే 3,900 పౌండ్లలో వెయ్యి పక్కన పెట్టండి, ఆ శుక్రవారం రాత్రి కోసం.