ఎర్త్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ అంటే రోజూ ఏం చేస్తారు? రాళ్ల కోసం తిరగడమేనా?

తిరగడం ఏడాదిలో కొన్ని వారాలే అండీ. నేను పనిచేసింది రాళ్ల వయసు తేల్చే ల్యాబ్‌లో, కాబట్టి ఆ మూల సంగతే చెప్తాను. భూకంపాల మీద పనిచేసేవాళ్లు చాలామంది కంప్యూటర్ ముందు కోడ్ రాస్తూనే కనిపిస్తారు, వాళ్ల లోకం వేరు.

మాకు కావాల్సింది గ్రానైట్‌లో దాక్కున్న జిర్కాన్ అనే ఖనిజపు గింజ. అది స్ఫటికంగా ఏర్పడేటప్పుడు యురేనియంని రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. అంటే ఇప్పుడు అందులో దొరికే సీసం చాలావరకు యురేనియం క్షయమై పుట్టిందే, కాబట్టి రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే వయసు తేలుతుంది. యురేనియంలో రెండు రకాలున్నాయి: యురేనియం-238 సగానికి తగ్గడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కి సుమారు 70 కోట్ల ఏళ్లు. రెండు లెక్కలూ ఒకే వయసు చెప్తే ధైర్యంగా రాసుకోవచ్చు. తేడా వస్తే మధ్యలో ఎప్పుడో సీసం జారిపోయి ఉండొచ్చు, లేదా పాత గింజ చుట్టూ కొత్త పొర పెరిగి ఉండొచ్చు. మజా అంతా అక్కడే ఉంటుంది.

గింజ సైజు మిల్లీమీటర్‌లో పదో వంతు. రాయిని పొడికొట్టి, జల్లించి, నీళ్లలో కడిగి, అయస్కాంతంతో ఇనుమున్నవి లాగేసి, బరువైన ద్రవంలో వేస్తాం. క్వార్ట్జ్ తేలుతుంది, జిర్కాన్ మునుగుతుంది. మిగిలిన చిటికెడు పొడిలోంచి మైక్రోస్కోప్ కింద సూదితో ఒక్కో గింజా ఏరాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టే, కాకపోతే ఇక్కడ తుమ్మితే బియ్యం కూడా మిగలదు.

అన్నిటికన్నా విసుగు క్రషర్, అంటే రాయిని పొడికొట్టే యంత్రం, కడగడం. ప్రతి శాంపిల్‌కీ ప్లేట్లు విప్పి, వైర్ బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి, ఆల్కహాల్‌తో తుడవాలి. ముందు రాయి గింజ ఒక్కటి ఇరుక్కున్నా కొత్త రాయికి లేని చరిత్ర అంటుకుంటుంది. ఉల్కల్లోని సీసం ఆధారంగా 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని చెప్పిన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌నీ ఏళ్ల తరబడి సతాయించింది బయటి నుంచి చేరే సీసమే. అదెక్కడిదా అని ఆరా తీస్తూ పోయి, పెట్రోల్‌లో కలిపే సీసం మీద పోరాటం దాకా వెళ్లాడాయన.

చేరే ముందు పేపర్ల లిస్టు ఒక్కటే చూసుకోకండి. గింజలో యురేనియం, సీసం కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉందా, వేరే చోట స్లాట్ కోసం నెలలు ఆగాలా అని సీనియర్లని అడగండి. వీలైతే క్రషర్ రూమ్ చూపించమనండి. అక్కడ దుమ్ము పేరుకుని ఉంటే నేనైతే ఇంకో గైడ్‌ని వెతుక్కుంటాను.