ముందు ఆ అట్టపెట్టె విప్పు

చిట్టితల్లికి,

నిన్న ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించావు. గదులు బాగున్నాయి, గాలీ వెలుతురూ వస్తున్నాయి. కానీ నా చూపంతా మూలన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న అట్టపెట్టెల దగ్గరే ఆగిపోయింది. అవేమిటే అని అడిగితే, "ఫొటోలు, దీపాలు, అవీ ఇవీ పెద్దమ్మా. అద్దె ఇల్లే కదా, ఎన్నాళ్ళుంటామో ఏమో, ఇప్పుడు విప్పడం దేనికి" అన్నావు. మీరు ఆ ఇంట్లో చేరి ఎనిమిది నెలలైంది. ఇంకేం మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాను గానీ, పొద్దున్నే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

నేను పదకొండు అద్దె ఇళ్ళు మారినదాన్ని. మూడో ఇంట్లో నాకూ ఒక పెట్టె ఉండేది. "ఎన్నాళ్ళుంటాంలే" అనుకుంటూ నాలుగేళ్ళు దాన్ని ముట్టుకోలేదు. వేసిన టేపు వేసినట్టే ఉండగా దాన్ని బండెక్కించాం. తరవాతి ఇంట్లో విప్పితే, నేను చేత్తో కుట్టిన కర్టెన్ మడత పెట్టిన చోటల్లా చీకిపోయి ఉంది, పట్టుకుంటే పొడుగ్గా చీరుకుపోయింది. ఆ ఇల్లు నాది కాదు, నిజమే. కానీ ఆ నాలుగేళ్ళు నావే కదా!

ఆ కసితో నాలుగో ఇంట్లో ఎదురు తప్పు చేశాను. పెద్ద అద్దం ఒకటి కొని, మేకు కొట్టకూడదన్నారు కాబట్టి, వెనక అటూ ఇటూ అంటుకునే మందపాటి టేపుతో గోడకు అతికించేశాను. రెండేళ్ళు రాయిలా నిలబడింది. ఖాళీ చేసే రోజు అద్దాన్ని ముందుకు లాగితే, దాంతోపాటు రంగూ లప్పమూ కలిసి అరచేయంత పెచ్చులు నాలుగు ఊడి వచ్చాయి. లోపల సిమెంటు కనిపించింది. నాలుగు మేకులు కొట్టినా అంత నష్టం ఉండేది కాదు. ఆ ఓనరు నా అడ్వాన్సులోంచి గోడ మొత్తానికీ రంగు ఖర్చు పట్టుకున్నాడు. నేను గొణిగాను గానీ, గట్టిగా అడగడానికి నా దగ్గర ఏముంది?

అందుకని ముందు కాగితాల సంగతి. అగ్రిమెంటు సంతకం చేసిన రోజు చదివావో లేదో, ఇప్పుడు ఒక్కసారి తీసి చూడు. గోడలకు రంధ్రాల గురించి, రంగుల గురించి, బిగించిన సామాన్ల గురించి ఏమని రాశారో పెన్సిలుతో గీత పెట్టుకో. "తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి" అనే వాక్యం ఎక్కడో ఒక చోట ఉంటుంది. దాని పక్కనే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉందో లేదో చూడు. ఎండకు రంగు వెలిసిపోవడం అరుగుదల. గోడకు చిల్లి పడటం అరుగుదల కాదు. ఈ రెంటికీ మధ్యలోనే గొడవలన్నీ. మీ ఊళ్ళో చట్టం ఏమంటుందో కూడా కనుక్కో, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

రాయనిదాన్ని "వద్దనలేదు కదా" అని చేసెయ్యకు. అడుగు, కానీ నోటితో అడిగి ఊరుకోకు. నోటిమాట నీటిమూట. ఫోన్‌లో "ఆఁ, చేసుకోండమ్మా" అన్న మనిషే రెండేళ్ళ తరవాత "నేనెప్పుడన్నాను?" అంటాడు. అబద్ధం ఆడుతున్నాడని కాదు, నిజంగానే గుర్తుండదు. మెసేజ్ పెట్టు. నేనైతే ఇలా పెట్టేదాన్ని: "నమస్కారమండీ. హాల్లో తూర్పు గోడకు రెండు చిన్న మేకులు కొట్టి ఫొటోలు పెట్టుకుందామనుకుంటున్నాం. ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చి, అదే రంగు వేయించి ఇస్తాం. మీకు సమ్మతమేనా?" ఏ గోడ, ఎన్ని మేకులు, పోయేటప్పుడు ఏం చేస్తాం, మూడూ ఉన్నాయి చూశావా? "కాస్త డెకరేట్ చేసుకోవచ్చా" అని అడిగితే ఏ ఓనరైనా వద్దనే అంటాడు. ఆ మాట వినగానే ఆయన కళ్ళ ముందు గోడంతా జల్లెడైపోయిన బొమ్మ కనిపిస్తుంది మరి.

చేరిన రోజు ఫొటోలు తీయలేదన్నావు. ఇప్పుడైనా తీయి. గోడల మూలలు, సింకు కింద, తలుపుల వెనక, ముందు నుంచీ ఉన్న మరకలూ పగుళ్ళూ అన్నీ. తీసినవి తీసినట్టు ఓనరుకు పంపించు, తేదీ దానంతట అదే పడుతుంది. ఎనిమిది నెలలు ఆలస్యమే, అసలు లేకపోవడం కంటే నయం.

ఇక అసలు సంగతి. ఇల్లు మనదనిపించడానికి గోడ ముట్టుకోనక్కర్లేదు. ముందు లైట్లు మార్చు. నీ వీడియో చూస్తుంటే ప్రతి గదికీ కప్పు మధ్యలో ఒక్క తెల్ల లైటు, అది మనిషి నెత్తి మీద పడి ముఖం కింద నీడలు పోస్తోంది. ఆసుపత్రి వరండాలా ఉంది. బల్బు డబ్బా మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. 6500 అంటే నీలం కలిసిన తెలుపు, 2700 అంటే సాయంకాలపు పసుపు. హాల్లో, పడకగదిలో 2700 ది పెట్టు. వంటింట్లో, చదువుకునే చోట తెల్లనిది ఉంచుకో, పసుపు వెలుగులో కూరగాయలు తరుగుతూ వేలు కోసుకోకు. ఓనరు బల్బులు పారెయ్యకు, ఒక సంచిలో వేసి పైన పెట్టు. తరవాత ప్లగ్గుకు పెట్టుకునే దీపాలు రెండు మూడు కొని వేరువేరు ఎత్తుల్లో పెట్టు, ఒకటి బల్ల మీద, ఒకటి నేల మీద నిలబడేది. కుర్చీలో కూర్చున్నప్పుడు బల్బు కంటికి సూటిగా తగలకుండా, షేడు కింది అంచు కంటి ఎత్తుకు రావాలి. ఇదంతా ఒక్క సాయంత్రం పని, ఇంటి ముఖమే మారిపోతుంది. వైరు లాగాల్సిన పని గానీ, ఎవరినీ అడగాల్సిన పని గానీ లేదు.

లైట్ల తరవాత గుడ్డ. ఖాళీ గదిలో మాట్లాడితే మాట గోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది. ఇల్లు పరాయిగా అనిపించడానికి సగం కారణం ఆ చప్పుడే, మనం గమనించం. కర్టెన్లు, నేల మీద మందపాటి తివాచీ, రెండు దిండ్లు పడితే మాట మెత్తబడుతుంది. కర్టెన్లకు డ్రిల్లింగ్ అక్కర్లేదు, కిటికీ గూట్లో రెండు పక్కలా ఒత్తుకుని నిలబడే స్ప్రింగు రాడ్లు దొరుకుతాయి. బరువు కర్టెన్‌కు మాత్రం అవి జారతాయి, పల్చనివే వేలాడదియ్యి. తివాచీ విషయంలో అందరూ చేసే పొరపాటు చిన్నది కొనడం. గది మధ్యలో తపాలా బిళ్ళలా ఉంటుంది. సోఫా ముందు కాళ్ళైనా దాని మీదకు రావాలి. మీ నేల వినైల్ అయితే అడుగున రబ్బరు ఉన్నది మాత్రం వెయ్యకు. రబ్బరులోని రసాయనం నేలలోకి దిగి పసుపు మరక పడుతుంది, అది ఎంత తోమినా పోదు.

గోడల దగ్గరికి వస్తే, ముందు అరచేయి పొడిగా తుడుచుకుని గోడ మీద ఒకసారి గట్టిగా రాసి చూడు. చేతికి తెల్లటి పొడి అంటిందా, ఆ గోడకు ఏ అంటు కొక్కెమూ ఆగదు. సున్నం, చవకరకం డిస్టెంపర్ గోడలన్నీ అంతే. పొడి అంటకపోతే, వెనకున్న జిగురు పట్టీని లాగి తీసే రకం అంటు కొక్కేలు వాడుకో. సబ్బునీళ్ళతో తుడవకు, దాని పొర మిగిలిపోతుంది. దూదితో స్పిరిట్ రాసి ఆరనిచ్చి, అర నిమిషం నొక్కి పట్టుకుని, ఒక గంట ఆగి అప్పుడు బరువు తగిలించు. కొత్తగా రంగు వేసిన గోడైతే ఓ వారం పది రోజులు ఆగాల్సిందే. పాకెట్ మీద రాసిన బరువులో సగమే నమ్ము, అది నా లెక్క. తీసేటప్పుడు పట్టీని నీ వైపు లాగకూడదు. గోడకు ఆనించి, నేల వైపు, మెల్లగా సాగదీస్తూ లాగాలి. అది రబ్బరులా మూర పొడవు సాగి, టక్కుమని ఊడి వస్తుంది, గోడ మీద ఏమీ మిగలదు. తొందరపడి ముందుకు గుంజావా, నా అద్దం కథే. నాలాగా మందం టేపు ఇప్పటికే వాడి ఉంటే, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, పళ్ళకు వాడే దారాన్ని వెనక నుంచి రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ కోసుకుంటూ రా. మంచం తలవైపు మాత్రం ఈ కొక్కేలకు ఏదీ తగిలించకు.

మేకుకు ఓనరు ఒప్పుకుంటే సంతోషం, చిన్న మేకును మొన కాస్త కిందికి ఉండేలా వాల్చి కొట్టు. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా, అదే ఎత్తులో పక్కలా కొట్టకు, లోపల వైర్లు మామూలుగా ఆ దారుల్లోనే వెళ్తాయి. బాత్రూమ్‌కు ఆనుకున్న గోడలో పైపులుంటాయి. వెళ్ళేటప్పుడు లప్పం పెట్టి, ఆరాక ఎమరీ పేపరుతో రుద్ది, రంగు అద్దుతావు. రంగు నంబరు డబ్బా మూత మీద ఉంటుంది, ఇప్పుడే ఓనరును అడిగి రాసి పెట్టుకో. ఒక్క మాట, పాత గోడ మీద అదే నంబరు రంగు అద్దినా మచ్చలా తెలిసిపోతుంది, ఎందుకంటే గోడ ఈలోపు వెలిసి ఉంటుంది. మచ్చ కొట్టొచ్చినట్టుంటే ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ ఒక్క గోడా వేసెయ్యడమే దారి.

రంగు మార్చాలని నీకు కోరికగా ఉందని తెలుసు. ఓనరు సరేనన్నా నేను వద్దంటాను, కనీసం మొదటి ఏడాది. ముదురు రంగు వేయడం తేలిక, మళ్ళీ తెలుపు చేయాలంటే ప్రైమరూ, పైన రెండు మూడు పూతలూ పడతాయి. ఖాళీ చేసే వారంలో నీకు ఆ ఓపిక ఉండదు.

వంటింటి అరల పిడులు అసహ్యంగా ఉన్నాయన్నావు. అవి మార్చుకోవచ్చు, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. కొత్తవి కొనే ముందు పాతదాని రెండు స్క్రూల మధ్య దూరం కొలువు, నడిమి నుంచి నడిమికి. సాధారణంగా 96 మిల్లీమీటర్లో, 128 మిల్లీమీటర్లో ఉంటుంది. అంకె తప్పితే కొత్త రంధ్రాలు చేయాల్సి వస్తుంది, ఆ పని మనకొద్దు. పాత పిడుల్నీ స్క్రూల్నీ ఒక కవర్లో వేసి, మీద "వంటిల్లు, కింది అరలు" అని రాసి, అదే అరలో వెనక్కి పెట్టు. నేను ఒకసారి ఎక్కడో జాగ్రత్తగా దాచి, ఆ జాగ్రత్త ఎక్కడో మర్చిపోయాను!

మొక్కలు పెట్టుకో, కానీ మట్టికుండీని నేరుగా నేల మీదో చెక్క మీదో పెట్టకు. నీళ్ళు ఒలకకపోయినా అడుగున చెమ్మ ఊరి గుండ్రటి మచ్చ పడుతుంది. బీరువాను బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదులు, లేకపోతే వెనక బూజు పడుతుంది, ఆ నల్లటి మరక నీ ఖాతాలోకే వస్తుంది. పొడుగాటి పుస్తకాల అర ఉంది కదా, బుడ్డోడు దాన్ని పట్టుకుని ఎక్కే వయసుకొస్తున్నాడు. దాన్ని గోడకు బిగించడానికి ఓనరును అడుగు. అన్నిట్లోకీ ఇది ముందు అడుగు, మొహమాటపడకు. కాదంటే ఆ అరను ఇంట్లోంచి తీసెయ్యి.

కొనేటప్పుడు ఒక ప్రశ్న వేసుకో: ఇది తలుపులోంచి నాతో బయటికి వస్తుందా? వచ్చేదానికి ధారాళంగా ఖర్చు పెట్టు. గోడకు పాతుకుపోయేది ఓనరుకు కానుక. చాలా చోట్ల గోడకు బిగిసిపోయినదాన్ని ఇంట్లో భాగం కిందే లెక్కగడతారు, కాబట్టి అలాంటిది ఏదైనా పెట్టుకుంటే "పోయేటప్పుడు తీసుకెళ్తాం" అని ముందే రాయించుకో. కిటికీకి సరిగ్గా కొలిచి కుట్టించిన ఖరీదైన పరదాలు కూడా ఒకరకంగా ఆ ఇంటివే, ఇంకో కిటికీకి సరిపోవు. ఒక జానెడు ఎక్కువ గుడ్డతో కుట్టించి అంచు మడతలో దాచుకో.

ఒక్క రోజులో అన్నీ చేసెయ్యకు. ఈ వారం బల్బులు మార్చి, ఆ వెలుగులో నాలుగు రాత్రులు కూర్చో. ఏ మూల ఖాళీగా అనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది.

మర్చిపోయాను, పెట్టెల్లో కిటికీ పక్కనున్నది ముందు విప్పు. అది నేను సర్దిందే. పైన దుప్పటి ఉంటుంది, దాని కింద మీ నాన్న చిన్నప్పటి ఫొటో, అడుగున పాత చీర చుట్టిన బల్లదీపం. షేడు కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది, చేత్తో సరిచేస్తే వస్తుంది. వెలిగించాక ఒక ఫొటో పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ