పాదు గుంట పూడ్చెయ్యి తల్లీ

నరసన్నపేట

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు విని మనసు పాడైంది. వంగ మొక్కలు తలలు వాల్చేశాయనీ, టమాటా ఆకు పసుపెక్కిందనీ, ఆనప పిందెలు రాలిపోతున్నాయనీ అన్నావు. విజయనగరం వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ పెరటికి నువ్వు ఎంత చాకిరీ చేశావో నాకు తెలుసు. నిదానంగా చెబుదామనే ఈ ఉత్తరం.

ఈ ఏడు భరణి, కృత్తిక కార్తెలు రెండూ వానల్లోనే పోయాయి. వేసవి తోటకి మనం నేర్చుకున్న పనులన్నీ నీరు నిలపడానికే. మొక్క చుట్టూ గుంట తీసి పాదు చేస్తాం, గట్టు కడతాం, ఎండుటాకులు కప్పుతాం. ఇలాంటి వానల ఏడాదిలో అవే మొక్క ప్రాణం తీస్తాయి. నీరు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. గాలి అందక వేరు కుళ్ళిపోతుంది. కుళ్ళిన వేరు నీరు తాగలేదు కాబట్టి, బురదలో ఉన్న మొక్క కూడా దాహమేసినట్టే వాడుతుంది.

ఒక ఏడు నేనూ పొరబడ్డాను. వాన తెరిపిచ్చిన రోజు మిట్ట మధ్యాహ్నం వంగ మొక్కలు వాడిపోయి ఉంటే, ఎండదెబ్బ అనుకుని బకెట్లతో నీళ్ళు పోశాను. మర్నాటికీ తేరుకోలేదు. ఒకటి పీకి చూస్తే వేరు గోధుమ రంగుకి తిరిగిపోయి ఉంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడొచ్చి, లోపల దారంలాంటి ఈనె మిగిలింది. మురుగు వాసన. ఆ వరసంతా పోయింది. అందుకే చెబుతున్నా, వాడిన మొక్క కనబడితే చెంబు పట్టుకోకు. ముందు మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడు. తడి తగిలిందా, నీళ్ళు వద్దు.

రేపు తెరిపి ఉంటే పార తీసుకుని పాదు గుంటలన్నీ పూడ్చెయ్యి. మొదలు దగ్గర మట్టి ఎత్తుగా, చుట్టూ పల్లంగా ఉండాలి. అయితే కాండం లోతుగా కూరుకుపోయేలా మట్టి ఎగదోయకు. మడుల మధ్య జానెడు లోతు కాలువ తీసి, పెరట్లో పల్లం ఎటుందో అటు వదిలెయ్యి. పల్లం తెలియకపోతే జోరువానలో గుమ్మంలో నిలబడి చూడు, నీరే దారి చూపిస్తుంది. మొదలుకి ఆనించి కప్పిన ఆకులు బెత్తెడు దూరం జరుపు. కొత్తగా వేసే మడి మాత్రం అడుగు ఎత్తున కట్టుకో. మన ఎర్రమట్టి వానకి మెత్తబడి, ఎండ తగలగానే పెచ్చు కడుతుంది. మట్టి చేతికి అంటుకోనంత ఆరాక ఆ పెచ్చుని బొరిగెతో పైపైన కదుపు. తడి మీద తవ్వితే ఇటికలా బిగుస్తుంది.

నారు మొదట్లో నల్లబడి పడిపోతోందన్నావు కదా, అది నారుకుళ్ళు. దానికి మందు బోర్డో మిశ్రమం, ఇంట్లోనే చేసుకోవచ్చు. 50 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) రెండున్నర లీటర్ల నీళ్ళలో, 50 గ్రాముల సున్నం ఇంకో రెండున్నర లీటర్లలో విడివిడిగా కలిపి, తుత్తం నీళ్ళని సున్నపు నీళ్ళలో పోస్తూ కలియబెట్టు. ప్లాస్టిక్ బకెట్లే వాడు, ఇనుము వద్దు. చివర్లో ఇనప చాకు కాసేపు ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టకూడదు. పడితే ఇంకాస్త సున్నపు నీరు కలుపు. ఏ రోజు చేసింది ఆ రోజే నారు మొదట్లో పొయ్యి. తోటకూర, బచ్చలి లాంటి తినే ఆకుల మీద పడనివ్వకు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకు.

ఆనప పిందెల గురించి ఎరువు కోసం పరిగెత్తకు. ముసురులో తేనెటీగలు, రెక్కల పురుగులు తిరగవు, పుప్పొడి తడిసిపోతుంది. ఆనప సాయంత్రం పూస్తుంది కాబట్టి దీపాలు పెట్టే వేళకి పందిరి కిందికి వెళ్ళు. సన్న కాడ మీద ఉన్నది మగ పువ్వు. కింద నూగుతో చిన్న కాయలా ఉన్నది ఆడ పువ్వు. మగ పువ్వు తెంపి రేకులు వలిచి, మధ్యలో ఉన్న పొడిని ఆడ పువ్వు నడుమ మెల్లగా రాయి. బీరకీ అంతే, అదీ సాయంత్రమే. దోస, గుమ్మడి అయితే పొద్దున్నే.

నత్తలకి మందులేమీ వద్దు. రాత్రి తడి గోనెసంచి పరిస్తే తెల్లారేసరికి దాని కిందికి చేరతాయి, ఏరి ఉప్పునీళ్ళ బకెట్లో వెయ్యి. ఉప్పు మట్టి మీద మాత్రం చల్లకు. గోనె ఎత్తే ముందు కర్రతో తట్టమ్మా, ఈ తడికి పాములు కూడా అలాంటి చోటే చూసుకుంటాయి.

టమాటా మీద ఆశ పెట్టుకోకు. ఈ వానలకి కాయ పగులుతుంది. దోరగా ఉన్నవి కోసి ఇంట్లో ముగ్గబెట్టుకో. ఆ చోట చేమ దుంపలు పాతిపెట్టు, బచ్చలి తీగ గుచ్చు. ఆ రెండిటికీ ఇది పండగే.

మన పాత పాదు ఆనప గింజలు పొట్లం కట్టి ఉంచాను. ఆదివారం మీ తమ్ముడు అటు వస్తాడు, ఇచ్చి పంపుతాను. మూడు రోజులు వరసగా ఎండ కాశాకే పెట్టు. గుంటలో కాదు, దిబ్బ మీద.

మీ మావయ్య