కంట్రోల్ ప్లేటులోనూ శిలీంధ్రం ఎందుకు మందగించింది?

స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా వదిలే ఆవిరులు శిలీంధ్రాన్ని ఆపుతాయా అని మీరు పరీక్షిస్తే, పోలిక కోసం బ్యాక్టీరియా లేకుండా పెట్టిన కంట్రోల్ ప్లేటులోనూ శిలీంధ్రం మందగించిందని అడిగారు. కారణం దాదాపుగా మీ డబ్బాయే. నెల్లూరు చెరువు మట్టి నుంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ ఉన్న ప్లేట్లనూ, అది లేని కంట్రోల్ ప్లేట్లనూ ఒకే మూత బిగించిన డబ్బాలో ఉంచానని మీరే రాశారు. తాకకుండా గాలి ద్వారా పనిచేయడమే ఈ ఆవిరి పదార్థాల గుణం కనుక, అవి పక్క ప్లేటులోకీ చేరాయి. మూత తీయగానే తొలకరి మట్టివాసన వచ్చిందన్నారు కదా, అది ఈ బ్యాక్టీరియా వదిలే జియోస్మిన్ అనే పదార్థం. శిలీంధ్రాన్ని ఆపినది అదేనని మాత్రం అనుకోవద్దు.

1. కంట్రోల్‌కు వేరే డబ్బా వాడండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆ డబ్బాలో బ్యాక్టీరియా లేని ఖాళీ పోషక మాధ్యమానికి బదులు, శిలీంధ్రాన్ని ఆపదని ముందే తేలిన బ్యాక్టీరియాను పెంచండి. మూసిన డబ్బాలో బ్యాక్టీరియా శ్వాసతో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆక్సిజన్ తగ్గితే, ఆ ఒక్క కారణంతోనే శిలీంధ్రం నెమ్మదించవచ్చు. ఖాళీ మాధ్యమంతో పోలిస్తే ఆ తేడాను ఆవిరుల ఖాతాలో వేసేస్తాము. మీ స్ట్రెప్టోమైసిస్‌తోనే మరొక డబ్బా పెట్టి, అందులో యాక్టివేటెడ్ బొగ్గు ఉంచండి. బొగ్గు ఆవిరులను పీల్చుకున్నాక శిలీంధ్రం మళ్ళీ పుంజుకుంటే, ఆపినది ఆవిరులేనన్న మీ అనుమానం నిజమే.

3. ఆగిన శిలీంధ్రపు ముక్కను తాజా మాధ్యమంపై పెట్టండి. పెరిగితే, ఆవిరి దానిని ఆపిందే గాని చంపలేదు.

గబ్బిలాల వైట్‌నోస్ వ్యాధి శిలీంధ్రంపై రోడోకాకస్ రోడోక్రస్ అనే మరో బ్యాక్టీరియా ఆవిరులను పరీక్షించిన మాట నిజమే. అయితే ఆ శిలీంధ్రం 12–15 డిగ్రీల చలిలో బాగా పెరిగి, 20 దాటితే ఆగిపోతుంది కాబట్టి, నెల్లూరు గది వేడిలో వేరొక శిలీంధ్రంపై వచ్చిన ఫలితాన్ని దానికి వర్తింపజేయకండి.