'దాన్' తర్వాత ఏ క్రియ రాయాలి: టీచరైన మేనకోడలికి ఉత్తరం

కావలి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

కనిగిరిలో నీ పిల్లలు ఇంగ్లీషు పోలిక వాక్యాల దగ్గర తడబడుతున్నారని రాశావు. టాలర్, హాటర్, మోర్ బ్యూటిఫుల్ అన్నీ నోటికి వచ్చట. 'కంటే' అని అర్థమిచ్చే 'దాన్' దాటగానే ఈజ్ రాయాలో, వాజ్ రాయాలో, డజ్ రాయాలో తెలియక తోచింది పెట్టేస్తున్నారట. అది వాళ్ల బద్ధకం కాదమ్మా. మన భాషలో పోల్చేటప్పుడు రెండో క్రియతో పనే ఉండదు. 'అన్నకంటే తమ్ముడు పొడుగు' అంటే వాక్యం అయిపోయింది. ఒకవేళ క్రియ వచ్చినా 'అనుకున్నదానికంటే' అని నామవాచకంలా మారిపోతుంది. అనుకున్నది నేనైనా, వాళ్లైనా ఆ రూపం మారదు. ఇంగ్లీషులో 'దాన్' తర్వాత ఉండేది చాలావరకు మరో వాక్యం. దానికి సొంత కర్త, సొంత కాలం ఉంటాయి. సగం మింగేసిన ఆ వాక్యాన్ని పిల్లల చేత పూర్తిగా పలికించు. పలికే ముందు 'ఎవరు? ఎప్పుడు?' అని రెండే ప్రశ్నలు వేయి.

మీ ఊరి సంగతితోనే మొదలుపెట్టవచ్చు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, కందుకూరు ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. కాబట్టి బోర్డు మీద 'నెల్లూరు డిస్ట్రిక్ట్ వాజ్ బిగ్గర్ బిఫోర్ 1970 దాన్ ఇట్ ఈజ్ నౌ' అని రాయి. చాలామంది పిల్లలు దీన్ని 'దాన్ ఇట్ వాజ్ నౌ' అని ముగిస్తారు. మొదటి సగంలోని 'వాజ్' ఇంకా చెవిలో మోగుతూ ఉంటుంది మరి. 'ఇప్పుడు' అన్నావు కదా, ఇప్పటి సంగతికి 'వాజ్' ఎలా వస్తుందని అడుగు. జవాబు వాళ్లే దిద్దుకుంటారు. ఒకే వాక్యంలో రెండు కాలాలు ఉండవచ్చని ఒక్కసారి కళ్లారా చూస్తే భయం పోతుంది.

ఏ క్రియ తిరిగి రావాలన్నది తేలికే. మొదటి భాగంలో ఈజ్, హ్యాజ్, క్యాన్ లాంటివి ఉంటే అవే మళ్లీ వస్తాయి. మామూలు క్రియ ఉంటే దాని బదులు డూ, డజ్, డిడ్ నిలబడతాయి. 'మై బ్రదర్ రన్స్ ఫాస్టర్ దాన్ ఐ డూ' అన్నదాన్ని తిప్పి చెబితే 'ఐ రన్ ఫాస్టర్ దాన్ మై బ్రదర్ డజ్' అవుతుంది. కాలం వేరైతే 'షీ విల్ స్కోర్ మోర్ దాన్ ఐ డిడ్' అనవలసి వస్తుంది. ఆమె రాయబోయే పరీక్ష రేపటిది, నా పరీక్ష అయిపోయింది. 'దాన్ ఐ' సరైనదా, 'దాన్ మీ' సరైనదా అని స్టాఫ్ రూములో ఎవరైనా వాదనకు దిగితే నువ్వు కాలం వృథా చేసుకోకు. మాటల్లో 'మీ' బాగా వాడుకలో ఉంది, పాత వ్యాకరణాలు 'ఐ' అంటాయి. 'దాన్ ఐ యామ్' అని క్రియతో సహా రాయిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

క్రియ ఎందుకు అవసరమో పిల్లలకు నిజంగా అర్థం కావాలంటే ఈ వాక్యం చూపించు: 'ఒంగోలు ఈజ్ ఫార్దర్ ఫ్రమ్ చెన్నై దాన్ నెల్లూరు'. దీనికి రెండు అర్థాలు ఉన్నాయి. చెన్నైకి నెల్లూరు ఉన్న దూరం కంటే ఒంగోలు ఉన్న దూరం ఎక్కువ అన్నది ఒకటి. ఒంగోలు నుంచి నెల్లూరు కంటే చెన్నై ఎక్కువ దూరం అన్నది ఇంకొకటి. ఒంగోలు నుంచి నెల్లూరు సుమారు 120 కిలోమీటర్లు, చెన్నై సుమారు 290. రెండూ నిజమే కాబట్టి లెక్కలు చూసినా రాసినవాడి ఉద్దేశం తేలదు. చివర 'ఈజ్' చేర్చి 'దాన్ నెల్లూరు ఈజ్' అంటే మొదటి అర్థమే మిగులుతుంది. 'దాన్ ఫ్రమ్ నెల్లూరు' అంటే రెండోదే మిగులుతుంది. పటం గీయించి, మూడు ఊళ్లు గుర్తు పెట్టించి చెప్పు. వ్యాకరణం అంటే మార్కుల కోసం కాదు, మన మాట ఎదుటివారికి సరిగ్గా చేరడం కోసమేనని పిల్లలకు తెలియాలని నా ఆశ.

ఒకచోట మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. 'మోర్ దాన్ వన్ స్టూడెంట్ ఈజ్ ఆబ్సెంట్' అన్నప్పుడు 'దాన్' వెనక దాగిన వాక్యమేమీ లేదు. అర్థం చూస్తే బహువచనమే, అయినా పక్కనే 'వన్ స్టూడెంట్' ఉంది కాబట్టి క్రియ ఏకవచనంలో వస్తుంది. పదిమంది అయితే 'ఆర్'. దీన్ని విడిగా గుర్తు పెట్టుకోమని చెప్పు.

'ఎంత చదివితే అంత బాగా రాస్తావు' అనే తరహా వాక్యాల్లో మొదటి సగంలో 'విల్' రానివ్వకు: 'ద మోర్ యు రీడ్, ద బెటర్ యు విల్ రైట్'. 'ఇఫ్' తర్వాత 'విల్' ఎందుకు రాయమో ఇక్కడా అందుకే రాయం. రెండు పనులను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే రూపంలో ఉంచాలి: 'వాకింగ్ ఈజ్ బెటర్ దాన్ వెయిటింగ్', 'ఇట్ ఈజ్ ఈజియర్ టు ఆస్క్ దాన్ టు ఆన్సర్'. 'ప్రిఫర్' వస్తే 'దాన్' బదులు 'టు' వాడాలని ఎటూ చెబుతావు.

ఖాళీలు పూరించే అభ్యాసాలు తగ్గించు. వాటిలో పిల్లలు ఊహించి నెగ్గుకొస్తారు. వాక్యం మొత్తం నోటితో చెప్పించి తర్వాత రాయించు. మొదట ఈజ్, వాజ్ బాగా కుదరనీ, ఆ తర్వాతే డూ, డజ్ జోలికి వెళ్లు. పేపర్లు దిద్దేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకో. 'లత ఈజ్ టాలర్ దాన్ హర్ బ్రదర్' అని ఆగిపోయిన బిడ్డ తప్పు రాయలేదు. అర్థం ఒక్కటే ఉన్నప్పుడు క్రియ వదిలేయడం ఇంగ్లీషులో మామూలే. అక్కడ మార్కు కోయవద్దు.

నీ మామయ్య