వాడిపోయిన ఆర్కిడ్ మొక్కలు తెచ్చాను, బతికించుకునేది ఎలా?

ప్రశ్న: నేను షేడ్‌నెట్ కింద పూల మొక్కలు పెంచుతాను. ఈమధ్య ఒకాయన నర్సరీ ఎత్తేస్తూ, మిగిలిన ఆర్కిడ్లన్నీ కలిపి తీసుకుపొమ్మంటే 40 కుండీలు తెచ్చుకున్నాను. ఎక్కువ భాగం ఫెలనాప్సిస్, పది దాకా డెండ్రోబియం, ఐదు వాండా. చాలా రోజులుగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆకులు ముడతలు పడి వేలాడుతున్నాయి, డెండ్రోబియంలో కొన్నిటికి అసలు ఆకులే లేవు. దాహంగా ఉన్నాయనుకుని రోజూ పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తున్నాను, 19-19-19 ఎరువు కూడా ఒకసారి ఇచ్చాను. వారం తిరిగేసరికి ఇంకా వాడిపోయాయి, మూడు ఫెలనాప్సిస్ మొక్కలకు మొవ్వు దగ్గర నల్లబడింది. అన్నీ పోయినట్టేనా? ఏం మందు కొట్టాలి?

జవాబు: ముందు ఆ నీళ్లు ఆపండి. ఎరువు కూడా ఆపండి. మందు సంగతి తర్వాత చూద్దాం, ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టి మీ మొక్కల్లో ఎక్కువ వాటికి కావలసింది మందు కాదు, ఊపిరాడే వేరు. రెండు మూడు రోజులు నీళ్లు లేకపోతే అవి చచ్చిపోతాయని టెన్షన్ పడకండి. ఫెలనాప్సిస్ లాంటి ఆర్కిడ్లు ఆకుల రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, అందుకే ఉన్న తేమను చాలా పొదుపుగా వాడుకుంటాయి. మిగతా పూల మొక్కలు రెండు రోజుల్లో తల వాల్చేసే పరిస్థితిలో ఇవి వారాల తరబడి ఓర్చుకుంటాయి. కాబట్టి మీకు టైం ఉంది, ఒక్కో మొక్కనూ నిదానంగా చూసుకోవచ్చు.

ఆకు ముడత పడిందంటే మొక్కలో నీళ్లు తగ్గాయనే అర్థం, అందులో మీరు పొరబడలేదు. కానీ నీళ్లు ఎందుకు తగ్గాయన్నది ఆకు చెప్పదు. కుండీ ఎండిపోయినా ఆకు ముడత పడుతుంది, కుండీ నానిపోయి వేళ్లు కుళ్లి, తాగే నోరే లేకుండా పోయినా అచ్చం అలాగే ముడత పడుతుంది. రెండో రకం మొక్కకు నీళ్లు పోస్తే ఉన్న నాలుగు వేళ్లు కూడా పోతాయి. ఆర్కిడ్లు కొని తెచ్చినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే దెబ్బతింటారని నా అనుభవం. ఆకును చూసి నీళ్లు పోయకండి, కుండీలోంచి తీసి వేరును చూడండి.

మీవన్నీ అడవిలో చెట్టు బెరడును పట్టుకుని గాలిలో వేళ్లు వేలాడదీసుకుని బతికే జాతులు. వాన పడినప్పుడు గబగబా నీళ్లు పీల్చుకుని, తర్వాత కొన్ని గంటల్లోనే ఆరిపోవడం ఆ వేళ్లకు అలవాటు. ఒక వేరును దగ్గరగా పట్టుకుని చూడండి, చుట్టూ స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది. ఆరి ఉన్నప్పుడు వెండి రంగులో కనిపిస్తుంది, దాని మీద నాలుగు నీటి చుక్కలు వేస్తే మీ కళ్ల ముందే, నిమిషం కూడా పట్టకుండా ఆకుపచ్చగా మారుతుంది. కింద ఉన్న పచ్చదనం బయటికి కనిపించడమే అది. ఇది మీకు ఖర్చులేని పరీక్ష: వెండి రంగు నుంచి పచ్చగా మారిన వేరు బతికి ఉన్నట్టే. కుండీ లోపల వెలుతురు తగలని వేళ్లు మాత్రం పచ్చగా కాకుండా తెల్లగానో, లేత పసుపుగానో ఉండొచ్చు, వాటిని రంగును బట్టి కాకుండా వేలితో నొక్కి చూడాలి.

పని మొదలుపెట్టే ముందు మొవ్వు నల్లబడ్డ ఆ మూడింటినీ, వాటిని ఆనుకుని ఉన్నవాటినీ మిగతా వాటికి దూరంగా, వేరే చోటికి మార్చేయండి. 40 కుండీలూ మీ పాత పూల మొక్కలకు దూరంగా కనీసం నెలరోజులు ఉండాలి. వీటిని ముట్టుకున్న చేతులతో, కత్తెరతో అటు వెళ్లకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే తెచ్చిన మొక్కల వేళ్లన్నిటినీ ఒకే బకెట్ నీళ్లలో వరసగా కడిగాను. వాటిలో ఒకదానికి ఫైటోఫ్తోరా కుళ్లు ఉంది, శిలీంధ్రం లాంటి ఆ సూక్ష్మజీవి బీజాలు నీళ్లలో ఈదుతూ వెళ్తాయి. పది రోజుల్లో బాగున్న మొక్కలు కూడా మొదళ్ల దగ్గర నల్లబడి పోయాయి, వాటిని బతికించలేకపోయాను. ఆ రోజు నుంచీ ఒక్కో మొక్కనూ పారే నీళ్ల కిందే కడుగుతున్నాను, మీరూ అలాగే చేయండి.

కుండీలోంచి తీసేటప్పుడు లాగొద్దు. ఎండిన వేళ్లు కుండీ గోడకు అంటుకుని పుటుక్కున విరుగుతాయి, పది నిమిషాలు నీళ్లు పోస్తూ నాననిస్తే మెత్తబడి సులువుగా వస్తాయి. ప్లాస్టిక్ కుండీ అయితే కోసి తీసేయడమే మేలు. పాత బెరడు ముక్కలు, మాస్ (కుండీలో నింపే ఎండు నాచు) మొత్తం దులిపేయండి, కొంచెం కూడా మిగల్చొద్దు. ఫెలనాప్సిస్‌లో ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. టిష్యూ కల్చర్ మొక్కను, అంటే ల్యాబ్‌లో పుట్టించిన మొక్కను, చిన్నప్పుడు నాటిన మాస్ ముద్ద సరిగ్గా కాండం కింద, వేళ్ల మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. బయటి బెరడు ముక్కలు ఎండి గలగలలాడుతున్నా ఈ ముద్ద మాత్రం పిండితే నీళ్లు కారేంత తడిగా ఉంటుంది, కుళ్లు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. వేళ్లు విరగకుండా చిన్న పుల్లతో కొంచెం కొంచెంగా తీసేయండి, ఒక్కో మొక్కకు పావుగంట పట్టినా పట్టనివ్వండి.

ఇప్పుడు వేళ్లు చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కుతూ జరపండి. గట్టిగా, నిండుగా తగిలితే మంచి వేరు, పైన మరకలున్నా, గోధుమ రంగు ఉన్నా సరే, ఉంచండి. కుళ్లినదైతే పై పొర చొక్కా చేయి జారినట్టు జారి వేళ్లకు అంటుకుంటుంది, లోపల సన్నటి దారం మిగులుతుంది. అలాంటివి, లోపల బోలుగా ఉండి కాగితంలా నలిగిపోయేవి మొదలంటా కత్తిరించండి. కత్తెరను మాత్రం ప్రతి మొక్కకూ నిప్పు మీద కాల్చి చల్లార్చి వాడాలి, లేదా మొక్కకో కొత్త బ్లేడు వాడాలి. ఇది చాదస్తం కాదు, సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసం రింగ్‌స్పాట్ వైరస్ అని ఆర్కిడ్లకు రెండు పెద్ద వైరస్‌లున్నాయి, కోసిన చోట కారే రసంతో కత్తెర ద్వారా పాకుతాయి, వాటికి ఏ మందూ లేదు. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దమని చాలామంది చెబుతారు. ఆకు మీద గాయానికి ఫర్వాలేదు కానీ వేళ్ల మీద మాత్రం చల్లకండి, బాగున్న వేరును కూడా ఎండగొట్టేస్తుంది. కోశాక కొన్ని గంటలు నీడలో, గాలి తగిలే చోట ఆరనిస్తే చాలు.

నాలుగైదు మంచి వేళ్లు మిగిలిన మొక్కలను ఆ రోజో మర్నాడో నాటేయండి. కుండీని ఆకుల విస్తీర్ణం చూసి కాదు, మిగిలిన వేళ్లను చూసి ఎంచుకోవాలి, అవి ఇరుగ్గా పట్టేంత చిన్నదే కావాలి. పెద్ద కుండీ పెడితే మధ్యలో తడి ఆరక మళ్లీ మొదటికి వస్తారు. కుండీలో మట్టి, కొబ్బరి పొట్టు, కంపోస్టు ఏవీ వద్దు. బెరడు ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపి వాడండి, బెరడు దొరక్కపోతే కొబ్బరి పీచు చెక్కలను ముక్కలు చేసి, ఉప్పు దిగిపోయేదాకా రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి వాడొచ్చు. నాటాక మొక్క కదలకూడదు, పుల్ల గుచ్చి కట్టండి. మొక్క ఊగుతూ ఉంటే కొత్తగా వచ్చే వేరు కొన గరుకు ముక్కలకు రాసుకుని చితికిపోతుంది, అది మళ్లీ పెరగదు.

వేళ్లు ఒకటో రెండో ఉన్నవీ, అసలు లేనివీ మీకు ఎక్కువే ఉంటాయనుకుంటున్నాను, కానీ ఆకులు కొంచెమైనా గట్టిగా ఉండి మొవ్వు పచ్చగా ఉంటే వాటిని వదులుకోకండి. స్ఫాగ్నం మాస్‌ను తడిపి, చుక్క నీరు కారనంతగా గట్టిగా పిండి, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి అడుగున పలచగా పరిచి, దాని మీద మొక్కను కూర్చోబెట్టండి. కాండం మాస్‌లో పూడ్చకూడదు, మొదలు ఆనీ ఆననట్టు ఉండాలి. సంచిని గాలితో ఉబ్బించి మూతి కట్టి వెలుతురున్న నీడలో పెట్టండి. సూటిగా ఎండ తగిలితే లోపల మొక్క ఉడికిపోతుంది, ఇది మర్చిపోవద్దు. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆకు నుంచి నీరు పోదు, మొక్క తన దగ్గరున్న కాస్త సత్తువనూ కొత్త వేరు పుట్టించడానికి వాడుకుంటుంది. వారానికోసారి తెరిచి గాలి మార్చి, బూజు ఉందేమో చూడండి. వేళ్లు రావడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, మధ్యలో తీసి తీసి చూడకండి.

ఆకులు లేని డెండ్రోబియంలను పొరపాటున కూడా పారేయకండి. కొన్ని రకాలకు ఆకులు రాల్చడం సహజం, అదీకాక ఆ పాత కాడలే దాని గాదె, నీళ్లూ ఆహారమూ అందులోనే దాచుకుంటుంది. కాడ పచ్చగా, గట్టిగా ఉంటే మొదట్లోనో, కణుపుల దగ్గరో చిన్న మొటిమలాంటి కన్ను ఉందేమో చూడండి, కొత్త పిలక అక్కడి నుంచే వస్తుంది. కొత్త పిలక మొదట్లో వేళ్లు తొంగిచూసే సమయమే కుండీ మార్చడానికి అన్నిటికంటే మంచి సమయం. వాండాలను కుండీలో పాతకండి, ఉట్టిలా బుట్టలో వేలాడదీసి రోజూ పొద్దున అరగంట సేపు వేళ్లను మంచి నీళ్లలో ముంచి, పచ్చబడ్డాక తీసి ఆరనివ్వండి, ఒక్కో మొక్కకూ వేరే నీళ్లు వాడండి.

ఇక మొవ్వు నల్లబడ్డ మూడింటి విషయం. ఫెలనాప్సిస్‌కు పెరిగే మొవ్వు ఒక్కటే, అది పోతే పైనుంచి కొత్త ఆకు రాదు. మధ్య ఆకును మెల్లగా పట్టి చూడండి. ఊడి చేతికి వచ్చి, అడుగున గోధుమ రంగులో మెత్తగా, దుర్వాసనతో ఉంటే అది బ్యాక్టీరియా కుళ్లు. వాసన పెద్దగా లేకుండా నల్లటి మచ్చ రోజురోజుకూ కిందికి పాకుతుంటే ఫైటోఫ్తోరా అనుకోవచ్చు. కుళ్లు కాండం దాకా దిగినదాన్ని ఉంచుకోకండి, సంచిలో కట్టి దూరంగా పారేయండి, కంపోస్టు గుంతలో మాత్రం వేయొద్దు. ఇష్టపడి తెచ్చుకున్నది పారేయాలంటే మనసొప్పదు, నాకు తెలుసు, కానీ దాని పక్కన 37 ఉన్నాయి. నల్లదనం ఒక ఆకుకే పరిమితమైతే బాగున్న భాగంలోకి ఒక అంగుళం లోపలికి కోసేసి, మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరుకు 2 గ్రాములు కలిపి, చేతికి గ్లౌజులు వేసుకుని, కోసిన మొక్కకూ పక్క మొక్కలకూ పిచికారీ చేయండి. రాగి మందులు డెండ్రోబియంల మీద కొట్టకండి, ఆకులు మాడతాయి. మొవ్వు పోయినా కుళ్లు ఆగిపోయిన మొక్క ఒక్కోసారి మొదట్లోంచి పిలక వేస్తుంది, వేళ్లు బాగుంటే కొన్ని నెలలు ఓపిక పట్టొచ్చు.

చీడల కోసం ఆకు మొదళ్ల సందుల్లో, డెండ్రోబియం కాడల మీది ఎండిన పొర కింద చూడండి, పిండినల్లి, పొలుసు పురుగు అక్కడే దాక్కుంటాయి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, వారానికోసారి చొప్పున మూడు నాలుగుసార్లు మళ్లీ చేయండి, గుడ్ల నుంచి వచ్చే పిల్లలు ఒక్కసారికి పోవు.

నీరసంగా ఉన్నాయని ఎండలో పెట్టకండి, వేళ్లు లేని మొక్క ఎండను తట్టుకోలేదు. ఫెలనాప్సిస్‌కు 75 శాతం నీడ, గాలి కదలిక ఉంటే చాలు, డెండ్రోబియం, వాండాలకు కోలుకున్నాక వెలుతురు పెంచుకుంటూ పోవచ్చు. నీళ్లు పొద్దున పూటే ఇవ్వాలి, అదీ వేళ్లు వెండి రంగుకు తిరిగి, కుండీ చేతికి తేలిగ్గా తగిలినప్పుడే. మొవ్వులో నీరు నిలిస్తే దూదితో అద్ది తీసేయండి, మీ మూడు మొక్కలకు ఆ నలుపు రావడానికి సాయంత్రం పోసిన నీళ్లు రాత్రంతా మొవ్వులో నిలవడం కూడా కారణం అయ్యుండొచ్చు. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకన్నా మంచివి లేవు. పూల కాడలు ఏవైనా ఉంటే, ఎంత మొగ్గ మీదున్నా, కోసేయండి, ఉన్న కాస్త సత్తువా వేరుకు పోవాలి.

19-19-19 మంచి ఎరువే, కానీ తాగే వేరు లేనప్పుడు ఆ లవణాలు కుండీలో పేరుకుని మిగిలిన వేరు కొనలను మాడుస్తాయి. కొత్త వేళ్లు అంగుళం సాగాక లీటరుకు అర గ్రాము చొప్పున వారానికోసారి మొదలుపెట్టండి, నెలకోసారి ఎరువు లేని నీళ్లతో కుండీని కడిగేయండి.

ముడత పడ్డ పాత ఆకు మళ్లీ పూర్తిగా నున్నగా కాదు, దాన్ని చూసి దిగులు పడొద్దు. పచ్చటి కొనతోనో, ఎర్రటి కొనతోనో నిగనిగలాడుతూ కొత్త వేరు వస్తే, ఆ తర్వాత పాతదానికన్నా గట్టి ఆకు వస్తే మొక్క మీ చేతికి వచ్చినట్టే. పూలు మాత్రం ఏడాది, రెండేళ్ల మాట. ప్రతి కుండీకీ నాటిన తేదీ, మిగిలిన వేళ్ల సంఖ్య రాసి అంటించండి. ఆరు వారాలయ్యాక ఎన్ని కుండీల్లో కొత్త వేరు కనిపించిందో, ఎన్ని పోయాయో ఫొటోలతో నాకు రాయండి, సంచుల్లో ఉన్నవాటిని ఎప్పుడు బయటికి తీయాలో వాటిని చూసి చెబుతాను.