టెక్సాస్‌లో హెచ్‌ఓఏ ఫైన్ల మీద ఫైన్లు వేస్తోంది, డ్యూస్ కట్టడం మానేయవచ్చా?

మీరు రాసిందాన్నిబట్టి నాకర్థమైంది ఇదీ: డాలస్ శివార్లలో గత ఏడాది ఇల్లు కొన్నారు. ఆ కాలనీకి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం ఉంది; దాని రూల్స్ పాటించాలి, డ్యూస్ అనే చందా తప్పకుండా కట్టాలి. గుమ్మానికి కట్టిన తోరణం తీసేయమని ఒక లెటరు, పెరట్లో షెడ్డు తీసేయమని ఇంకో లెటరు, దానికి వంద డాలర్ల ఫైను. బోర్డు ప్రెసిడెంటు ఇంట్లోనూ అలాంటి షెడ్డే ఉంది. ఒళ్ళు మండి డ్యూస్ కట్టడం ఆపేద్దామనుకుంటున్నారు.

ఆపకండి. ఆ పని నేను చేసి చూశాను.

నేను లాయర్ని కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. మూడేళ్ళ కిందట మార్చిలో మా అమ్మ వచ్చింది. వచ్చిన వారానికే పెరట్లో ఆనపపాదు పెట్టింది. జూన్‌కల్లా తీగ ఫెన్స్ దాటుతుంటే పీవీసీ పైపులూ తాళ్ళూ తెచ్చి ఎనిమిదడుగుల ఎత్తున పందిరి వేశాం. మా ఫెన్స్ ఆరడుగులే. వెనక సందులోంచి హెచ్‌ఓఏ తరఫున పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీ మనిషి కారులో పోతూ ఫొటో తీసుకున్నాడు. పది రోజులకి లెటరు: అనుమతి లేని కట్టడం, తొలగించండి. అమ్మకి చదివి వినిపిస్తే, "మన పెరట్లో మన పాదు, మధ్యలో వీడెవడు?" అంది. నాకూ అదే అనిపించింది. ఆ లెటరు, తర్వాతి లెటరు రెండూ చించి పారేశాను. మూడోది ఫైనుతో వచ్చింది. ఆ కోపంలో ఆర్నెల్ల డ్యూస్ 450 డాలర్లు కట్టకుండా వదిలేశాను, వాళ్ళకి బుద్ధి రావాలని.

వాళ్ళకేం రాలేదు. లేట్ ఫీజు, వడ్డీ, సర్టిఫైడ్ మెయిల్ ఖర్చు, చివరికి లాయరు లెటరు, ఆ లెటరు రాసినందుకు ఫీజు. అన్నీ కలిసి 1,100 దాటింది. మా ఆవిడ ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించింది, నేను రోజూ చూసేలా.

ఫైనుకీ డ్యూస్‌కీ ఉన్న తేడా నాకప్పుడు తెలియదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లో 209వ చాప్టర్ అని ఒకటుంది, హెచ్‌ఓఏలకి సంబంధించిన రూల్స్ చాలావరకు అందులోనే ఉంటాయి. దాని ప్రకారం ఒక్క ఫైన్లు బాకీ ఉన్నంత మాత్రాన ఇల్లు వేలం వేయడానికి వీల్లేదు. డ్యూస్ బాకీ ఉంటే వేయొచ్చు. 2008లో మన డాలస్ పక్కన ఫ్రిస్కోలోనే ఒక నేషనల్ గార్డ్ సైనికాధికారి డ్యూటీ మీద ఇరాక్ వెళ్ళినప్పుడు, సుమారు 800 డాలర్ల డ్యూస్ బాకీకి మూడు లక్షల డాలర్ల ఇంటిని వేలం వేశారు. 3,500 డాలర్లకి పోయింది. ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు కూడా లేదు. కోర్టుకెళ్ళి, రాజీ కుదిరాకే ఇల్లు తిరిగొచ్చింది. 2012 నుంచి ఇక్కడ కోర్టు ఆర్డరు లేకుండా అలా వేలం వేయడం కుదరదు, వేలమయ్యాక కూడా డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవడానికి 180 రోజుల గడువుంది. అయినా అంతదాకా తెచ్చుకోవడం దేనికి?

అప్పటికే బాకీ పడిపోయి ఉంటే పేమెంట్ ప్లాన్ అడగండి. 14 ఇళ్ళకి మించిన అసోసియేషన్ ఏదైనా కనీసం మూణ్ణెల్ల ప్లాన్ ఇవ్వాల్సిందే. నేను అలాగే కట్టాను. చెల్లించే డబ్బుని ముందు డ్యూస్‌కి జమ వేసుకోవాలి, ఫైన్లు దాదాపు చివర్న. ఫైనుకి జమ వేసుకుని డ్యూస్ ఇంకా బాకీ ఉందని చూపిస్తే ఒప్పుకోకండి.

ఇక ఫైను సంగతి. ఫైను వేసే ముందు సర్టిఫైడ్ మెయిల్‌లాంటి, చేరినట్టు రుజువుండే పద్ధతిలో నోటీసు పంపాలి. సరిచేసుకోడానికి గడువివ్వాలి. నోటీసు పోస్ట్ చేసిన 30 రోజుల్లోగా మీరు రాతపూర్వకంగా హియరింగ్, అంటే బోర్డు ముందు మీ వాదన చెప్పుకునే విచారణ, అడగొచ్చు. ఇది చాలామందికి తెలియదు, నేనూ మూడో లెటరు అడుగున చిన్న అక్షరాల్లో చూశాను. అడిగితే వాళ్ళు 30 రోజుల్లో హియరింగ్ పెట్టాలి. వాళ్ళ దగ్గరున్న ఫొటోలు, కాగితాలు పది రోజుల ముందే మీకివ్వాలి. ఇవ్వకపోతే 15 రోజుల వాయిదా మీ హక్కు. ఆడియో రికార్డ్ కూడా చేసుకోవచ్చు.

నా హియరింగ్ క్లబ్‌హౌస్‌లో జరిగింది. ముగ్గురు బోర్డు సభ్యులు, మేనేజ్‌మెంట్ కంపెనీ ఆవిడ. ఫోన్ టేబుల్ మీద పెట్టి రికార్డింగ్ నొక్కగానే అందరూ మర్యాదస్తులైపోయారు. వాళ్ళిచ్చిన ప్యాకెట్‌లో రెండు ఫొటోలు. రెండోదాంట్లో నీలం రంగు బార్బెక్యూ గ్రిల్ ఉంది. మా ఇంట్లో గ్రిల్లే లేదు! అది మా వీధి చివరి ఇల్లు. ఆవిడ ఫొటో తిప్పి తిప్పి చూసి ఫైల్లో పెట్టేసింది. నేను తీసుకెళ్ళిన ఫొటోలు ఆరు: ఫెన్స్ పైకి కనిపించే ట్రాంపొలిన్లు, పిల్లల ప్లే సెట్లు, అందులో మా బోర్డు ప్రెసిడెంటుగారి పెరట్లోది కూడా. "వీటికీ నోటీసులు వెళ్ళాయా?" అని మాత్రం అడిగాను, అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. మనిషిని బట్టి రూలు మారుస్తున్నారని తేలితే కోర్టులో నిలబడదని వాళ్ళకి తెలుసు. ఫైను ఎత్తేశారు. పందిరి మాత్రం ఫెన్స్ కన్నా దించమన్నారు. దించాను. ఆ ఏడాదంతా అమ్మ నడుం వంచి ఆనపకాయలు కోస్తూ వాళ్ళని తిడుతూనే ఉంది.

మీ తోరణం గురించి భయం అక్కర్లేదు. ఒకప్పుడు చట్టం గుమ్మానికి అరచేయంత, అంటే 25 చదరపు అంగుళాల మతపరమైన వస్తువుకే రక్షణ ఇచ్చేది. 2021లో ఆ కొలత తీసేశారు. ప్రమాదకరమైనదో, చట్టానికి విరుద్ధమైనదో కావడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప మీ ఇంటి మీద మీ దేవుడి వస్తువుల్ని వద్దనే అధికారం వాళ్ళకి లేదు. ప్రాపర్టీ కోడ్ సెక్షన్ 202.018 అని నంబరు రాసి ఒక ఈమెయిల్ కొట్టండి. మా వీధిలో ఒకాయన అలా రాస్తే మళ్ళీ ఆ ఊసెత్తలేదు. షెడ్డు సంగతి వేరు. మీ డీడ్ రెస్ట్రిక్షన్స్‌లో, అంటే ఇంటి పత్రాలకి జతగా ఉండే ఆంక్షల్లో, షెడ్డు గురించి ఏముందో ముందు చదవండి. అనుమతి తీసుకోకుండా కట్టి ఉంటే ఇప్పుడైనా అప్లై చేయండి, అందులో నామోషీ లేదు.

ప్రెసిడెంటు షెడ్డుకి అనుమతి ఉందా లేదా అని ఊహించుకుంటూ కూర్చోవద్దు, రికార్డులు అడగండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏవి కావాలో రాసి సర్టిఫైడ్ మెయిల్ పంపితే పది వర్కింగ్ డేస్‌లో చూపించాలి, లేదా ఎప్పుడు చూపిస్తారో చెప్పాలి. పక్కింటివాళ్ళ వ్యక్తిగత వివరాలు ఇవ్వరు, లెక్కలూ కాంట్రాక్టులూ ఇస్తారు. ఎగ్గొడితే జస్టిస్ కోర్టుకి, అంటే చిన్న కేసులు చూసే స్థానిక కోర్టుకి, వెళ్ళొచ్చు. నేను పందిరి కసితోనే లెక్కలు అడిగాను. గడ్డి కోసే కాంట్రాక్టు ఏళ్ళ తరబడి ఒక బోర్డు మెంబరు బావమరిదికే వెళ్తోందని అప్పుడు బయటపడింది. బయటివాళ్ళ నుంచి కనీసం రెండు కొటేషన్లు లేకుండా అలా బంధువులకి ఇవ్వకూడదు. మొత్తమేమీ పెద్దది కాదు. మయామీలో హామక్స్ అనే పెద్ద కమ్యూనిటీలో 20 లక్షల డాలర్లకు పైగా మింగారన్న కేసులో 2022 నవంబరులో బోర్డువాళ్ళని అరెస్టు చేశారు. దానితో పోలిస్తే మాది పప్పుబెల్లాల వ్యవహారం.

ఇంకో మాట, కొంచెం మనల్ని మనమే అనుకోవాల్సింది. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో హెచ్‌ఓఏని తిట్టే మెసేజ్‌లు రోజుకి యాభై. వార్షిక సమావేశానికి ఆ గ్రూపులోంచి వచ్చింది నలుగురం. మా ప్రెసిడెంటు తొమ్మిదేళ్ళు కూర్చోవడానికి అదే కారణం. తర్వాతి ఏడాది ఇంటింటికీ తిరిగి ప్రాక్సీలు, అంటే రాలేనివాళ్ళ తరఫున ఓటేసే అధికారపత్రాలు, పోగేసి నేనే నిలబడ్డాను, గెలిచాను. బోర్డులో జీతం లేదు, తిట్లు మాత్రం ఉచితం. రెండో నెలలోనే ఒకాయన చెత్తడబ్బా మూడు రోజులుగా రోడ్డు మీదే ఉందని ఫోన్‌లో ఫొటో తీశాను. ఇంటికొచ్చి చూసుకుని నాకే సిగ్గేసి డిలీట్ చేశాను. సాయంత్రం వెళ్ళి బెల్ కొట్టి చెప్తే పాపం ఆయన ఊళ్ళో లేరు, వాళ్ళబ్బాయి వచ్చి లోపల పెట్టాడు.

మీ ఫైను నోటీసు ఏ తేదీన వచ్చిందో రాయలేదు. కవరు పారేయకుండా ఉంటే దాని మీద పోస్ట్ చేసిన తేదీ ఉంటుంది. 30 రోజులు దాటకపోతే ఈ రాత్రికే హియరింగ్ కావాలని రెండు లైన్లు రాసి రేపు సర్టిఫైడ్ మెయిల్‌లో వేయండి, ఈమెయిల్ కాపీ కూడా పంపండి. డ్యూస్ చెక్కు మాత్రం విడిగా, మెమోలో 'అసెస్‌మెంట్' (డ్యూస్‌కి చట్టంలో వాడే పేరు) అని రాసి పంపండి.